నలుగురు కుర్రాళ్లు, ఒక ఫోను ఆట: ‘టీమ్ సోల్’ కథ మన ఇళ్లకు చెప్పేదేమిటి?

మిర్చి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. చిలకలూరిపేట, మార్టూరుల నడుమ ఒక గ్రామంలో జుమా నమాజు ముగిసిన తర్వాత మస్జిదు అరుగు మీద ఒక కౌలు రైతు నా పక్కన వచ్చి కూర్చున్నారు. సలాము చెప్పి, కాసేపు నేల చూపులు చూసి, చివరికి మనసులోని మాట బయటపెట్టారు. “మావాడు ఇంటర్ రెండో సంవత్సరం భాయీసాబ్. రాత్రి రెండింటిదాకా ఫోనులో ఆడుతుంటాడు. తిడితే, ఇది ఆట కాదబ్బా, ఉద్యోగం అంటున్నాడు. టీములో తీసుకుంటారట, లక్షలు వస్తాయట. పరీక్షలు వదిలేస్తానంటున్నాడు. నలభై వేల ఫోను కొనిపెట్టమంటున్నాడు. ఏం చెప్పమంటారు?”

ఆయన బాధ నాకు లెక్కల్లో కూడా అర్థమైంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం కింద ప్రకటించిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. ఆ ధరన చూస్తే నలభై వేల ఫోను అంటే దాదాపు మూడు క్వింటాళ్ల నలభై కిలోల మిర్చి. గుంటూరు యార్డులో దించే ఏడెనిమిది టిక్కీలు. కౌలు, కూలి, పురుగుమందుల బాకీ తీరిన తర్వాత మిగిలే దానిలోంచి అది రావాలి.

ఆ రోజు ఆయనకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కుర్రవాడు కలగంటున్న లోకం ఎలా పుట్టిందో, అందులో ఎవరు గెలిచారో, గెలిచినవారికి ఏం మిగిలిందో తెలియకుండా అవునని గానీ కాదని గానీ చెప్పడం న్యాయం కాదనిపించింది. అందుకే మన దేశంలో ఫోను ఆటల పోటీలకు తొలి చిరునామాగా నిలిచిన ‘టీమ్ సోల్’ చరిత్రను ఒకసారి మొదటి నుంచి చూశాను. ఆ జట్టుకు తొలి పెద్ద గెలుపు దక్కింది మన హైదరాబాదులోనే.

హైదరాబాదులో మొదలైన పేరు

పబ్‌జీ మొబైల్ అనే ఆట 2018 మార్చిలో విడుదలైంది. ఒక దీవిలో దిగిన ఆటగాళ్లు ఆయుధాలు వెతుక్కుంటూ, కుంచించుకుపోయే వలయంలో చివరిదాకా నిలబడడమే అందులోని పోటీ. చౌక డేటా, చౌక ఫోన్లు పల్లెలకు చేరిన కాలం కావడం వల్ల ఆ ఆట కొద్ది నెలల్లోనే దేశమంతా పాకింది. యూట్యూబులో ‘మోర్టల్’ అనే పేరుతో ఆ ఆట ఆడి చూపుతూ ప్రసిద్ధి పొందిన ముంబయి యువకుడు నమన్ మాథుర్ అదే సంవత్సరం టీమ్ సోల్‌ను ఏర్పాటు చేశాడు.

2019 మార్చి 10న హైదరాబాదులో పబ్‌జీ మొబైల్ ఇండియా సిరీస్ తుది పోటీలు జరిగాయి. మొత్తం బహుమతి సొమ్ము కోటి రూపాయలు. మోర్టల్, వైపర్, రోనక్, ఓవైస్ అనే నలుగురితో కూడిన టీమ్ సోల్ ప్రథమ స్థానం గెలిచి 30 లక్షల రూపాయలు అందుకుంది. ఆ నలుగురిలో ఓవైస్ అసలు పేరు మహమ్మద్ ఓవైస్ లాఖానీ. మన సముదాయపు పిల్లలు ఈ జట్టును తమదిగా భావించడానికి ఆ పేరు కూడా ఒక కారణమై ఉండవచ్చు.

ఆ పోటీలు జరిగిన వారంలోనే దేశంలో మరో మూల భిన్నమైన దృశ్యం కనిపించింది. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పోలీసులు మార్చి 6న ఇదే ఆటను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. కొద్ది రోజుల్లో దాన్ని ఆడుతున్న యువకులను అదుపులోకి తీసుకున్నారు. హైదరాబాదులో వేదిక ఎక్కించి సన్మానించిన పనికే రాజ్‌కోట్‌లో కేసు నమోదైంది. ఈ జట్టు చరిత్ర అంతటా వెంటాడిన అనిశ్చితి ఆ వారంలోనే బయటపడింది.

భారతదేశపు ప్రతినిధిగా టీమ్ సోల్ 2019 జూలైలో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ పోటీలకు వెళ్లింది. అక్కడ అగ్రస్థానాలు దక్కలేదు. అయినా ఫోను చేతబట్టి విదేశీ వేదిక ఎక్కవచ్చన్న ఆశ మాత్రం లక్షలాది కుర్రాళ్లలో నాటుకుంది.

ఒక సాయంత్రం వచ్చిన ఉత్తర్వు

2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం సమాచార సాంకేతిక చట్టంలోని 69ఏ సెక్షన్ కింద 118 యాప్‌లను నిషేధించింది. వాటిలో పబ్‌జీ మొబైల్ ఒకటి. అప్పటికి సరిగ్గా ఇరవై నాలుగు రోజుల క్రితం, ఆగస్టు 9న, ‘ఆరెంజ్ రాక్’ అనే మరో భారతీయ జట్టు ప్రపంచ లీగు తూర్పు విభాగంలో రెండో స్థానం సాధించింది. ఆ ఆటలో మన దేశపు జట్టు అంత ఎత్తుకు చేరడం గొప్ప విశేషం. ఆ సంబరం చల్లారకముందే ఆడడానికి మైదానమే లేకుండా పోయింది.

పది నెలల తర్వాత, 2021 జూలై 2న, దక్షిణ కొరియాకు చెందిన క్రాఫ్టన్ సంస్థ ‘బీజీఎంఐ’ అనే కొత్త పేరుతో ఆ ఆటను తిరిగి తెచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపువారికి రోజుకు మూడు గంటల పరిమితి, తల్లిదండ్రుల అనుమతి, రోజుకు 7,000 రూపాయలకు మించి ఖర్చు చేయకూడదన్న కట్టడి పెట్టింది. టీమ్ సోల్ 2022 ఆరంభంలో ఒమేగా, గోబ్లిన్, హెక్టర్, అక్షత్ అనే పూర్తిగా కొత్త నలుగురిని తీసుకుంది. హైదరాబాదులో గెలిచిన పాతవారిలో ఒక్కరూ ఆడే జట్టులో లేరు. ఈ కొత్తవారు 2022 జూన్‌లో రెండు కోట్ల రూపాయల బహుమతి సొమ్ము గల బీజీఎంఐ ప్రో సిరీస్ తొలి సీజను గెలిచి, సౌదీ రాజధాని రియాద్‌లో ఆగస్టు నెలలో జరగబోయే ప్రపంచ ఆహ్వాన పోటీలకు అర్హత సంపాదించారు.

ప్రయాణానికి రెండు వారాలు ఉందనగా, 2022 జూలై 28న, బీజీఎంఐ కూడా ప్రభుత్వ ఆదేశం మేరకు యాప్ స్టోర్లలో కనిపించకుండా పోయింది. తమ దేశంలో నిలిపివేసిన ఆటలో తమ దేశం తరఫున ఆడడానికి ఆ కుర్రాళ్లు రియాద్ విమానం ఎక్కారు. ఆ పోటీలలో వారు అగ్రస్థానాల దరిదాపులకు చేరలేకపోయారు. తిరిగివచ్చాక మళ్లీ ఎదురుచూపే. 2023 మే నెలలో మూడు నెలల ప్రయోగాత్మక అనుమతితో ఆట తిరిగివచ్చింది. అంటే మూడేళ్లలోపే రెండుసార్లు, ప్రతిసారీ సుమారు పది నెలలు, ఈ వృత్తి మూతపడింది.

2024 జూన్ చివరి మూడు రోజులు బీజీఎంఐ దేశస్థాయి తుది పోటీలు మళ్లీ హైదరాబాదులోనే, హైటెక్స్ ప్రాంగణంలో జరిగాయి. ఈసారి కిరీటం ‘టీమ్ ఎక్స్‌స్పార్క్’ అనే జట్టుకు దక్కింది. అప్పటికి టీమ్ సోల్‌లో మరోసారి కొత్త ఆటగాళ్లు వచ్చారు. అయిదేళ్లలో అదే నగరంలో రెండు వేదికలు, అదే పేరు గల జట్టు, కానీ ఆడిన చేతులు మాత్రం వేరు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

మన కుర్రాళ్లకు తెలియని అసలు సంగతి ఇక్కడుంది. ఒక పోటీలో సాధారణంగా పదహారు జట్లు, అంటే అరవై నలుగురు ఆటగాళ్లు ఉంటారు. చివరిదాకా నిలిచిన జట్టుకు పది పాయింట్లు, పడగొట్టిన ప్రతి ప్రత్యర్థికి ఒక పాయింటు. ఆ పదహారు జట్లలో ఒకటిగా నిలవడానికి ముందు వేలాది జట్లు వడపోతలో రాలిపోతాయి. నిలిచినవారు మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి వరకు అభ్యాస పోటీలు ఆడతారు, ఆ తర్వాత ఆ ఆటలనే తిరిగి చూసి తప్పులు దిద్దుకుంటారు. ఒకరు దారి నిర్ణయించే నాయకుడు, ఒకరు ముందుకు దూకేవాడు, ఒకరు దూరం నుంచి గురి చూసేవాడు, ఒకరు ఆసరాగా నిలిచేవాడు. తీరిక వేళ సరదాకు ఆడే ఆటకూ దీనికీ పోలిక లేదు.

ఇంత శ్రమకు దక్కిన బహుమతి లెక్క చూద్దాం. హైదరాబాదు పోటీలో గెలిచిన 30 లక్షలను నలుగురికి సమానంగా పంచితే తలకు ఏడున్నర లక్షలు. ఆటల్లో గెలిచిన సొమ్ము మీద ముప్పై శాతం పన్ను పోతే అయిదు లక్షల పాతికవేలు. జట్టు యాజమాన్యానికి వాటా ఉంటే అది ఇంకా తగ్గుతుంది. అదీ దేశం మొత్తంలో మొదటి స్థానంలో నిలిచినవారికి మాత్రమే.

మరి టీమ్ సోల్ ఇన్నేళ్లు ఎలా నిలబడింది? దాని బలం బహుమతుల మీద కన్నా చూసేవారి మీద ఆధారపడింది. మోర్టల్ మరి ఇద్దరు మిత్రులతో కలిసి ‘ఎస్8యూఎల్’ అనే సంస్థను నిర్మించాడు. యూట్యూబు ప్రసారాలు, ప్రకటనలు, ప్రాయోజకులు దాని ఆదాయానికి మూలం. 2022 డిసెంబరులో లాస్ వేగాస్‌లో ఆ సంస్థకు అంతర్జాతీయ ఈ-స్పోర్ట్స్ పురస్కారం లభించింది. అది ఆటలో గెలిచినందుకు ఇచ్చినది కాదు, దృశ్య కార్యక్రమాలు రూపొందించే బృందాల విభాగంలో వచ్చింది. ఆట ఆగిపోయిన నెలల్లో కూడా ఆ సంస్థ బతికింది అందుకే. కేవలం ఆడడం మాత్రమే తెలిసినవారికి ఆ నెలల్లో చేతిలో ఏమీ మిగలలేదు.

మన మెట్ట పొలాల భాషలో చెప్పాలంటే ఈ ఆటగాడు కౌలుదారుడు. పొలం కంపెనీది, కాలువ ప్రభుత్వానిది, విత్తనం మాత్రం అతనిది. ఆ విత్తనం అతని యవ్వనం. పొలం యజమాని ఎప్పుడు గట్టు మూసినా అతనికి అడిగే హక్కు లేదు.

ఈ ప్రాంతంలో నూర్‌బాషా సోదరుల ఇళ్లలో పెద్దలకు ఈ పాఠం కొత్త కాదు. దూది ఏకే విల్లు చేతబట్టి ఊరూరా తిరిగి పరుపులు, బొంతలు కుట్టి తరతరాలు గౌరవంగా బతికిన వృత్తి అది. యంత్రాలు వచ్చాక విల్లు గోడకెక్కింది. నైపుణ్యం చేతిలోనే ఉంది, దాన్ని అడిగేవారు కరవయ్యారు. ఆ మార్పుకు కనీసం ఒక తరం పట్టింది కాబట్టి సేద్యమో, చిన్న వ్యాపారమో, పిల్లల చదువో పట్టుకోవడానికి వ్యవధి దొరికింది. ఫోను ఆటలో ఆ వ్యవధి ఒక్క సాయంత్రం.

షరీఅత్ దృష్టిలో

ఆటంటేనే ఇస్లాంకు గిట్టదనుకోవడం పొరపాటు. దైవప్రవక్త (సఅసం) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెంలో పాల్గొన్న సంగతి, మదీనాలో గుర్రాల పందేలు జరిపించిన సంగతి హదీసు గ్రంథాలలో నమోదై ఉన్నాయి. శరీరానికి బలాన్ని, మనసుకు ఉల్లాసాన్ని ఇచ్చే ఆటకు ధర్మంలో చోటుంది. అయితే దానికి హద్దులున్నాయి.

మొదటి హద్దు జూదం. దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా మద్యంతో పాటు జూదాన్ని అపరిశుద్ధమైనదిగా, విడిచిపెట్టవలసినదిగా ప్రకటించింది. ధర్మవేత్తలు ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా చూపారు. పోటీలో పాల్గొననివారు తమ సొమ్ము నుంచి ఇచ్చే బహుమానం వేరు. ఆడేవారందరూ తలా కొంత వేసి, గెలిచినవాడు అంతా పట్టుకుపోవడం వేరు. రెండోది జూదపు స్వరూపమే. బహుమతులు ఏయే పోటీలకు వర్తిస్తాయన్న విషయంలో కూడా వారిలో భిన్నాభిప్రాయాలున్నాయి. హదీసులో గుర్రాలు, ఒంటెలు, బాణాల ప్రస్తావన ఉన్నందువల్ల కొందరు అంతకుమించి అనుమతించలేదు.

పెద్ద పోటీల సంగతి అలా ఉంచి, మన ఊళ్లలో జరుగుతున్నదేమిటో చూడండి. తలా యాభయ్యో వందో ఫోను ద్వారా ఒకరికి పంపి, ‘రూము’ పెట్టుకుని ఆడి, గెలిచినవాడు మొత్తం తీసుకుంటున్నాడు. పిల్లలు దాన్ని ‘టోర్నీ’ అంటారు. పేరు మారినంత మాత్రాన స్వభావం మారదు. అలాగే ఆటలో డబ్బు పెట్టి పెట్టెలు తెరవడం, లోపల ఏముందో తెరిచేదాకా తెలియకపోవడం కూడా అదృష్టం మీద సొమ్ము ఒడ్డడమే.

దేశ చట్టం కూడా ఈ తేడాను గుర్తించే దిశగా నడిచింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 సెప్టెంబరులో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి పందేలను నిషేధించింది. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఒడ్డి ఆడే ఆటలను నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌కు వేరుగా గుర్తింపునిచ్చింది. అలాంటి ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే ప్రవేశ రుసుము తీసుకోవడాన్ని చట్టం ఈ-స్పోర్ట్స్‌లో అనుమతించింది. కనుక చట్టం ఒప్పుకున్నంత మాత్రాన షరీఅత్ ఒప్పుకున్నట్టు కాదని, ఆ రుసుము ఎక్కడికి పోతున్నదో విచారించాలని మనం గుర్తుంచుకోవాలి.

రెండో హద్దు విశ్వాసం. 2020 జూన్‌లో ఇదే ఆటలో బొమ్మల ముందు ఆటగాడి పాత్ర వంగి శక్తులు పొందే ఒక ఘట్టం ప్రవేశపెడితే గల్ఫ్ దేశాల ముస్లింలు అభ్యంతరం తెలిపారు. సంస్థ క్షమాపణ చెప్పి దాన్ని తొలగించింది. ఆటే కదా అని ఊరుకోకుండా మర్యాదగా అడిగితే మార్పు వస్తుందని ఆ సంఘటన చూపింది.

ఈ ఆట విషయంలో ముస్లిం ప్రపంచమంతా ఒక్క మాట మీద లేదన్నది కూడా నిజమే. 2019లో ఇండోనేసియాలోని అచే ప్రాంత ఉలమా మండలి దీన్ని హరామ్ అన్నది. ఇరాక్, జోర్డాన్ నిషేధించాయి. మరోవైపు రియాద్ నగరం కోట్ల డాలర్ల బహుమతులతో ప్రపంచ ఈ-స్పోర్ట్స్ పోటీలకు వేదికైంది. కాబట్టి ఏ దేశమో ఆడించింది కనుక సరేననడం, ఏ దేశమో ఆపింది కనుక తప్పనడం రెండూ తొందరపాటే. మన ఇంట్లో ఆ ఆట ఏం చేస్తున్నదన్నదే మనం చూడాలి.

మూడో హద్దు కాలం. ప్రళయ దినాన మనిషిని అతని ఆయుష్షు గురించి, ప్రత్యేకించి యవ్వనాన్ని దేనిలో గడిపాడన్నది అడగకుండా వదలరని తిర్మిజీ హదీసు హెచ్చరిస్తుంది. రాత్రి రెండింటికి ఫోను పక్కన పెట్టినవాడు ఫజ్ర్‌కు ఎలా లేస్తాడు? ఆటను ఆపుకోలేక చదువు, నిద్ర, అనుబంధాలు దెబ్బతింటున్నా కొనసాగించే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో రుగ్మతగా చేర్చింది. అలాంటి బిడ్డకు తిట్లు మందు కావు. వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లడం సిగ్గుపడవలసిన విషయం కాదు.

ఆ తండ్రికి చెప్పిన మాట

రెండు వారాల తర్వాత అదే మస్జిదులో ఆ సోదరుణ్ణి కలిశాను. మూడు సంగతులు చెప్పాను. అప్పు చేసి ఫోను కొనవద్దు. పరీక్షలు మానే మాటకు ఒప్పుకోవద్దు. గెలిచిన జట్లకే రెండుసార్లు పదేసి నెలలు పని లేకుండా పోయింది, మనవాడికి చేతిలో చదువు ఉండాలి. డబ్బు వేసుకుని ఆడే రూములను ఆ రోజు నుంచే ఆపించాలి. ఇవి తండ్రి పెట్టే షరతులు.

నాలుగోది షరతు కాదు, సలహా. “ఒకసారి వాడి పక్కన కూర్చుని ఆట చూడండి. ఏం చేస్తున్నాడో చెప్పమనండి” అన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. “నాకేం తెలుస్తుంది భాయీసాబ్?” అన్నారు. “మీకు తెలియాలనే కాదు, వాడు చెప్పాలని” అన్నాను.

తర్వాత జుమాకు ఆయనే వెతుక్కుంటూ వచ్చారు. కొడుకు గంటసేపు వివరించాడట. ఎవరు ఎటు కదలాలో ముందే లెక్కవేసి మిగతా ముగ్గురికీ చెప్పేది తానేనన్నాడట. “ఇంత తెలివి ఉందని నాకు తెలియదు. మూడేళ్లుగా వాడు నాతో అంతసేపు మాట్లాడింది లేదు” అన్నప్పుడు ఆయన గొంతు తడబడింది. టీము మాట పరీక్షలయ్యాక చూద్దామని ఇద్దరూ అనుకున్నారు. ఇషా తర్వాత ఫోను తల్లి చేతికి ఇచ్చేందుకు కుర్రవాడు ఒప్పుకున్నాడు. ఆ మాట ఎన్నాళ్లు నిలుస్తుందో అల్లాహ్‌కే తెలుసు.

లెక్కవేసే బుద్ధి, నలుగురిని నడిపే నేర్పు, ఓడినా మర్నాడు మళ్లీ కూర్చునే ఓర్పు మన పిల్లల్లో ఉన్నాయి. అవి అల్లాహ్ ఇచ్చిన అమానతు. ఆ అమానతును ఎవరి పొలంలో విత్తుతున్నామో చూసుకోవడం తల్లిదండ్రులుగా మన బాధ్యత. వారి యవ్వనానికి మేలైన దారి చూపే వివేకాన్ని, వారి మాట వినే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.